పదిహేను వేల సీఎన్‌సీ: 3018 రౌటర్ నేర్పేదెంత, నేర్పనిదెంత

మెకానికల్ బీటెక్ నాలుగేళ్లలో సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే) మెషిన్ మీద సొంతంగా చెయ్యి వేసిన సమయం లెక్కేస్తే, చాలామందికి ఒక పూట కూడా తేలదు. ల్యాబ్‌లో ఒక్క ట్రైనర్ మెషిన్, దాని చుట్టూ బ్యాచ్ మొత్తం, ముందే ఎక్కించిపెట్టిన ప్రోగ్రామ్, మైనం దిమ్మ మీద కాలేజీ పేరు, రికార్డులో సంతకం. ఆ లోటు పూడుతుందన్న ఆశతోనే కుర్రాళ్లు 3018 రౌటర్ అనే బుల్లి సీఎన్‌సీ కోత మెషిన్ కొంటుంటారు. ధర పన్నెండు నుంచి ఇరవై వేల మధ్య, చదువుకునే బల్ల మీద పట్టేంత సైజు. అమ్మకం పేజీలో మాత్రం అరచేతిలో వైకుంఠం చూపిస్తారు: చెక్క, యాక్రిలిక్, పీసీబీ (సర్క్యూట్ బోర్డు), అల్యూమినియం, ఇత్తడి, కొన్నిచోట్ల స్టీలు కూడా!

మార్కులు ముందే వేసేద్దాం. నేర్చుకోవడానికి ఐదుకి నాలుగు. వస్తువులు చేసి అమ్ముకోవడానికి ఐదుకి ఒకటిన్నర. రెండింటికీ కారణం ఒకటే, మెషిన్‌లో గట్టిదనం లేదు. పెద్ద మెషిన్ మీద ఫీడ్ (టూల్ ముందుకు సాగే వేగం) కాస్త తప్పినా జాబ్ (కోసే ముక్క) ఎలాగో వచ్చేస్తుంది. దీని మీద అయిదో సెకనులో కీచుమంటుంది, పదో సెకనులో టూల్ విరుగుతుంది. టూల్ ఖరీదు వంద రూపాయల చుట్టుపక్కల కాబట్టి ఆ పాఠం చవకే.

పేరులోని 3018 అంటే 300 మి.మీ. ఎక్స్, 180 మి.మీ. వై. జెడ్ ప్రయాణం 45 మి.మీ. ఫ్రేము 20×20 అల్యూమినియం సెక్షన్లు, పక్క పలకలు మోడల్‌ని బట్టి బేకలైట్ లేదా ప్లాస్టిక్ లేదా అల్యూమినియం. కదిలే భాగాలు 10 మి.మీ. గుండ్రటి షాఫ్టుల మీద లీనియర్ బేరింగులతో జారతాయి. తిప్పేవి నెమా 17 సైజు స్టెప్పర్ మోటార్లు (చిన్న చిన్న స్టెప్పుల్లో తిరిగేవి), లాగేవి టీ8 లీడ్ స్క్రూలు. స్పిండిల్ (టూల్‌ని తిప్పే భాగం) అని రాసేది నిజానికి 24 వోల్టుల 775 బ్రష్ మోటారు, దాని 5 మి.మీ. షాఫ్టుకి గ్రబ్ స్క్రూలతో (తల లేని చిన్న మరలు) తగిలించిన ఈఆర్11 కాలెట్ చక్ (టూల్‌ని పట్టే బిగింపు). కంట్రోలర్ లోపల ఆర్డునో జాతి చిప్, దానిలో మెషిన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ 1.1 ఫర్మ్‌వేర్. కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలించగానే పోర్టు కనిపించకపోతే కంగారు అక్కర్లేదు, సీహెచ్340 డ్రైవర్ వేసుకోవాలి.

బిగించడం రెండు మూడు గంటల పని. అందరూ తొందరపడేది ఇక్కడే. మరలన్నీ ఒకేసారి గట్టిగా బిగించేస్తే షాఫ్టులు సమాంతరంగా కుదరవు, బెడ్ (జాబ్ పెట్టే బల్ల) ఒక చివర తేలిగ్గా, ఇంకో చివర బిగుసుకుని నడుస్తుంది, ఆ బిగువు దగ్గర మోటారు స్టెప్పులు మింగేస్తుంది. అన్నీ వదులుగా పెట్టి, బెడ్‌ని చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగైదు సార్లు జరిపి, ఒక్కో చివర దగ్గరా ఆపి అక్కడి మరలు బిగించుకుంటూ రావాలి. మోటారునీ స్క్రూనీ కలిపే కప్లింగుల్ని చివర చూడాలి: మోటారు వైపు రంధ్రం 5, స్క్రూ వైపు 8. గ్రబ్ స్క్రూల్లో ఒకటి మోటారు షాఫ్టుకున్న చదునైన ముఖం మీదే కూర్చోవాలి. గుండ్రటి భాగం మీద కూర్చుంటే మొదటి వారం బాగానే నడిచి, రెండో వారం నుంచి జాబ్ కొలతలు రోజుకో రకంగా వస్తాయి. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉందనుకుని రోజుల తరబడి వెతికేవాళ్లని అడిగితే సగం కేసుల్లో తేలేది ఈ మరే.

మొదటి రోజే టూల్ పెట్టకండి. స్పిండిల్ పక్కన ఒక బాల్‌పెన్ను రబ్బర్ బ్యాండుతో కట్టి, కాగితం మీద 100 మి.మీ. చతురస్రం, దాని లోపల వృత్తం గీయించండి. చతురస్రం కర్ణాలు రెండూ 141.4 రావాలి. రెండింటి మధ్య తేడా 1 మి.మీ. ఉందంటే ఎక్స్, వై అక్షాలు ఒకదానికొకటి లంబంగా లేవు, 100 మి.మీ. పొడవులో 0.7 మి.మీ. వాలినట్టు లెక్క. పక్క పలకల మరలు వదులు చేసి, మూలమట్టం పెట్టి సరిచేసుకోవాలి. వృత్తం అంచు ఎక్స్, వై దిశలు తిరిగే నాలుగు చోట్ల చిన్న చదునులు కనిపిస్తే అది బ్యాక్‌లాష్, అంటే స్క్రూకీ నట్టుకీ మధ్య ఉన్న సందు. పెన్నుతో గంటలో దొరికే ఈ రోగాలు, టూల్‌తో మొదలుపెడితే నెలకు గానీ అంతుపట్టవు.

ఇక సెట్టింగులు. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కాండిల్ అయినా, యూనివర్సల్ జీకోడ్ సెండర్ అయినా ఉచితమే. కన్సోల్‌లో రెండు డాలర్ గుర్తులు కొడితే జీఆర్‌బీఎల్ తన జాబితా అంతా చూపిస్తుంది. $100, $101, $102 మూడూ మూడు అక్షాల స్టెప్పులు. స్టెప్పర్‌కి చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్ ఒక్కోదాన్ని 16 ముక్కలు చేస్తుంది, లీడ్ స్క్రూ ఒక చుట్టుకి 4 మి.మీ. జరుపుతుంది: 200ని 16తో గుణించి 4తో భాగిస్తే 800. థియరీ క్లాసులో లీడ్, పిచ్ తేడా అర్థం కానివాళ్లకి ఈ ఒక్క లెక్క చాలు. టీ8 స్క్రూ పిచ్, అంటే పక్కపక్క గాళ్ల మధ్య దూరం, 2 మి.మీ.యే. రెండు స్టార్టులున్నాయి (రెండు గాళ్లు జంటగా చుట్టుకుంటాయి) కాబట్టి లీడ్ 4. పిచ్ వేసి లెక్క కడితే 1600 వస్తుంది, జాబ్ రెట్టింపు సైజులో వస్తుంది.

$30 దగ్గర చాలా టూళ్లు బలవుతాయి. స్పిండిల్ గరిష్ఠ వేగం ఎంతని మీరు చెబితే, ప్రోగ్రామ్‌లో స్పిండిల్ వేగం చెప్పే ఎస్ విలువని దానితో పోల్చి మోటారుకి వోల్టేజీ ఇస్తుంది. కొన్ని బోర్డులు ఇది 1000 అని, కొన్ని 10000 అని పెట్టి వస్తాయి. 10000 ఉన్న బోర్డుకి ప్రోగ్రామ్‌లో ఎస్1000 అని పంపితే మోటారు పదోవంతు బలంతో నీరసంగా తిరుగుతుంది, ఫీడ్ మాత్రం పూర్తిగా నడుస్తుంది, టూల్ టప్పుమంటుంది. పైగా మోటారు వేగం ఎంతుందో కంట్రోలర్‌కి తిరిగి తెలిసే మార్గం లేదు. లోడ్ పడితే వేగం పడిపోతుంది, అంతే. $1 విలువని 255 చెయ్యాలి. లేకపోతే కదలిక ఆగిన మరుక్షణం మోటార్లు పట్టు వదిలేస్తాయి, టూల్ మార్చే లోపు జెడ్ వెంట్రుకవాసి కిందికి జారుతుంది. $32 సున్నా ఉండాలి, అది లేజర్ మోడ్.

$120, $121 త్వరణాలు. ఇవి తక్కువ పెట్టి పంపుతారు, చాలా బోర్డుల్లో 30 దగ్గర. ఫీడ్ 600 అంటే సెకనుకి 10 మి.మీ., ఆ వేగం అందుకోవడానికి 30 త్వరణంతో 1.7 మి.మీ. దూరం పడుతుంది, ఆగడానికి ఇంకో 1.7. అంటే 3 మి.మీ. చిన్న గాడిలో మెషిన్ మీరిచ్చిన ఫీడ్‌ని ఎప్పటికీ అందుకోదు. చెక్క మీద చెక్కిన అక్షరాల మూలలు నల్లగా కాలడానికి కారణం ఇదే, మూల దగ్గర టూల్ నెమ్మదించి కొయ్యడం మాని రుద్దుతుంది. 50, 80, 100 అని పెంచుకుంటూ, స్టెప్పులు జారే శబ్దం వచ్చిన చోటికి కాస్త ముందు ఆపుకోవాలి.

ఈ మెషిన్ నేర్పే అసలు పాఠం చిప్ లోడ్. ఫీడ్ అంటే నిమిషానికి తిరిగే చుట్లు, టూల్ పళ్ల సంఖ్య, ఒక్కో పన్ను తీసే చిప్ మందం, ఈ మూడింటి గుణకారం. లోడ్ మీద 775 మోటారు 8000 చుట్లు నిలబెడుతుందనుకుందాం. 3.175 మి.మీ. సింగిల్ ఫ్లూట్ (ఒకే పన్ను ఉన్న) టూల్, యాక్రిలిక్, పన్నుకి 0.05 మి.మీ.: 8000×1×0.05 అంటే ఫీడ్ 400. కొత్తవాళ్లు భయంతో 50 పెడతారు. అప్పుడు పన్నుకి వచ్చేది 0.006 మి.మీ. ఆ మందాన్ని టూల్ అంచు కొయ్యలేదు, రుద్దుతుంది, వేడెక్కుతుంది. యాక్రిలిక్ కరిగి టూల్ గాడిలో జిగురులా పేరుకుంటుంది, కోసిన గాడి వెనకాలే మళ్లీ అతుక్కుపోతుంది. నెమ్మదిగా వెళ్తే భద్రం అన్న నమ్మకం ఒక్క కీచైన్‌తో పోతుంది. పొడి కాకుండా చిన్న చిన్న రేకుల్లా చిప్స్ ఎగిరితే ఫీడ్ సరిపోయినట్టు. వేలికి అంటించుకుని చూడండి: పిండిలా ఉంటే ఫీడ్ పెంచాలి, లేదా వేగం తగ్గించాలి.

నాలుగు పళ్ల టూల్ ఎందుకు వద్దో కూడా ఇక్కడే తేలుతుంది. ఈ చక్‌కి రనౌట్ (తిరిగేటప్పుడు టూల్ మధ్య నుంచి పక్కకి ఊగడం) 0.05 మి.మీ. ఉండటం మామూలే. రెండు పళ్ల టూల్‌తో పన్నుకి 0.015 తీయిస్తుంటే, రనౌట్ అంతకు మూడింతలు. ఒక పన్నే మొత్తం కోస్తుంది, రెండోది గాలిలో తిరుగుతుంది. ఉన్నది ఒక పన్నే అయితే ఆ గొడవే లేదు, చిప్ బయటికి పోవడానికి గాడి కూడా పెద్దగా ఉంటుంది. టూల్‌ని కాలెట్‌లోంచి ఎంత బయటికి పెట్టారన్నది ఇంకో సంగతి. వంపు పొడవు ఘనంతో పెరుగుతుంది: 12 మి.మీ. బదులు 20 మి.మీ. బయట పెడితే అదే బలానికి నాలుగున్నర రెట్లు వంగుతుంది. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో కాంటిలివర్ బీమ్ సూత్రం బట్టీ పట్టినవాళ్లకి, ఆ సూత్రం కోసిన ముక్క అంచు మీద అలలుగా కనిపిస్తుంది.

బ్యాక్‌లాష్ కొలవడానికి 0.01 మి.మీ. డయల్ ఇండికేటర్ కావాలి. మాగ్నెటిక్ స్టాండ్ కొనుక్కుని తీరా చూస్తే అతికే చోటు ఉండదు, ఫ్రేమంతా అల్యూమినియం! బల్ల మీద ఒక ఇనుప పలక పెట్టి, మెషిన్ పాదాలు కూడా దాని మీదే ఉండేలా చూసుకుంటే సరి. పద్ధతి: బెడ్‌ని ఒకే దిక్కుకి 2 మి.మీ. జరిపి నట్టుని ఒక పక్కకు ఆనించాలి, డయల్ సున్నా చెయ్యాలి, అదే దిక్కుకి 5 మి.మీ., తర్వాత వెనక్కి 5 మి.మీ. సున్నాకి ఎంత తక్కువలో ఆగిందో అది బ్యాక్‌లాష్. 0.05 నుంచి 0.15 మధ్య వస్తే ఈ తరగతి మెషిన్‌కి సహజం. అంతకు మించితే నట్టు మధ్య స్ప్రింగు, కప్లింగు, స్క్రూ చివరి బేరింగు, ఈ వరసలో చూడాలి. ఇది తేల్చకుండా $100ని మార్చి కొలత సరిచేసుకోవడం తప్పు. 100 మి.మీ. పంపితే 99.9 వచ్చింది కదా అని స్టెప్పులు పెంచితే, లోపం 0.1 మి.మీ. స్థిరంగా ఉన్నదైతే 20 మి.మీ. ముక్కలో అలాగే ఉంటుంది, 200 మి.మీ. ముక్కలో ఎదురు తిరుగుతుంది.

బ్యాక్‌లాష్ ఉన్నచోట క్లైంబ్ మిల్లింగ్ ప్రమాదం. క్లైంబ్‌లో టూల్ పళ్లు జాబ్‌ని లాగే దిక్కు, జాబ్ ఫీడ్‌తో నడిచే దిక్కు ఒకటే అవుతుంది. నట్టులో 0.1 మి.మీ. సందు ఉంటే బెడ్ అంత మేరా ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. పన్నుకి 0.03 తీసుకోవాల్సింది 0.13 పడుతుంది. అందుకని దీని మీద రఫింగ్ (మొదటి మోటు కోత) అంతా కన్వెన్షనల్‌లోనే, అంటే పళ్లు ఫీడ్‌కి ఎదురుగా కోసే పద్ధతిలోనే. బాల్ స్క్రూలున్న వీఎంసీ (ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్) మీద అందరూ క్లైంబ్ వాడతారని పుస్తకంలో చదివి, అదే ఇక్కడ పెడితే దెబ్బ తింటారు. పాత మాన్యువల్ మిల్లింగ్ మెషిన్ మీద మేస్త్రీలు క్లైంబ్ వద్దని ఎందుకంటారో దీంతో బాగా తెలిసొస్తుంది.

జాబ్‌ని బెడ్ మీద కదలకుండా పట్టడం గురించి అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు. పెట్టెలో వచ్చే నాలుగు క్లాంపులు ఎత్తుగా ఉంటాయి, చక్ వాటిని గుద్దుతుంది, లేదా పట్టిన చోట తప్ప మిగతా పలక పైకి లేస్తుంది. ముందుగా 12 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన) పలక ఒకటి బెడ్‌కి మరలతో బిగించి, దాన్ని అదే మెషిన్‌తో 0.3 మి.మీ. లోతున మొత్తం ఫేసింగ్ చెయ్యండి, అంటే పైముఖం చదును చెయ్యండి. టూల్ వెడల్పు 3.175 అయితే ఒక్కో వరసకి పక్కకి జరిగేది 1.5. వరసలకి ఒక దిక్కున మెట్లు మెట్లుగా చేతికి తగిలితే స్పిండిల్ ఆ దిక్కుకి వాలి ఉన్నట్టు. మోటారు పట్టీ వెనక సన్నటి రేకు ముక్క పెట్టి సర్దుకోవాలి. జెడ్‌లో 12 మి.మీ. పోతుంది కానీ తప్పదు. పలకల్ని పట్టడానికి చవకైన ఉపాయం ఒకటుంది: ఎండీఎఫ్ మీద మాస్కింగ్ టేపు, జాబ్ అడుగున మాస్కింగ్ టేపు, రెండు టేపుల వీపుల మధ్య ఫెవిక్విక్ చుక్కలు. పని అయ్యాక టేపు ఊడదీస్తే మచ్చ ఉండదు. 3డీ ప్రింటర్ కొన్నవాళ్లకి ఈ బాధ లేదు, ముక్క తనంతట తనే బెడ్‌కి అతుక్కుంటుంది. ఆ కారణానికే ప్రింటర్ ఒక్కటే వాడి వచ్చిన కుర్రాడికి షాపులో మొదటి వారం జాబ్ సెట్టింగ్ దగ్గర నీళ్లు నమలాల్సి వస్తుంది.

పీసీబీ ఈ మెషిన్ నిజంగా బాగా చేసే పని. రాగి పొర మామూలుగా 35 మైక్రాన్లు. వీ బిట్ కోసే వెడల్పు దాని కొన మందం మీద, లోతు మీద ఆధారపడుతుంది: 20 డిగ్రీల కోణం, 0.1 మి.మీ. కొన ఉన్న బిట్ 0.1 లోతులో 0.135 వెడల్పు గాడి తీస్తుంది, 0.2 లోతులో 0.17. బోర్డు అంచు నుంచి అంచుకి 0.3 మి.మీ. వంపు ఉంటే ఒక చోట రాగి తెగనే తెగదు, ఇంకోచోట ట్రాక్ సన్నబడి ఊడిపోతుంది. అందుకే కాండిల్‌లో హైట్‌మ్యాప్ ఉంది. ప్రోబ్ వైర్లలో ఒక క్లిప్పు టూల్‌కి, ఒకటి రాగికి తగిలిస్తే, మెషిన్ 10 మి.మీ.కి ఒక చుక్క చొప్పున ఎత్తు కొలిచి, ప్రోగ్రామ్‌ని ఆ వంపుకి తగ్గట్టు వంచుకుంటుంది. క్లిప్పు తగిలించడం మరిచిపోతే టూల్ బోర్డులోకి దిగిపోతుంది, కాబట్టి ముందు చేత్తో రాగి ముక్కని టూల్‌కి తాకించి స్క్రీన్ మీద ప్రోబ్ గుర్తు వెలుగుతోందో లేదో చూడాలి. బోర్డులోని గాజు పీచు పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడవాలి, నోటితో ఊదకూడదు.

అల్యూమినియం? అవుతుంది, ఓపికుంటే. ఇంటి పైకప్పు రేకులాంటి మెత్తటి అల్యూమినియం టూల్‌కి అతుక్కుంటుంది. 6061 రకం అల్యూమినియం ముక్కలు తీసుకోవాలి, హైదరాబాద్ బాలానగర్ జాబ్‌వర్క్ షాపుల్లో కోతల్లో మిగిలినవి కిలోల లెక్కన అడిగితే ఇస్తారు. 8000 చుట్లు, సింగిల్ ఫ్లూట్, పన్నుకి 0.025, ఫీడ్ 200, లోతు ఒక్కోసారికి 0.15 మి.మీ. టూల్‌ని నిటారుగా దించకుండా వాలుగా దింపే ర్యాంప్ పెట్టాలి. కిరోసిన్ రెండు చుక్కలు బ్రష్‌తో అంటిస్తే చాలు. స్ప్రే చెయ్యొద్దు, పైన బ్రష్ మోటారులో నిప్పురవ్వలు ఎగురుతుంటాయి.

2 మి.మీ. పలకలో 40×30 బ్రాకెట్ ఒకటి కోశామనుకోండి. చుట్టుకొలత 140, టూల్ మధ్యబిందువు నడిచే దారి 150 మి.మీ. ఫీడ్ 200కి ఒక చుట్టు ముప్పావు నిమిషం, 0.15 చొప్పున 14 చుట్లు, పదిన్నర నిమిషాలు. అదే ముక్క వీఎంసీ మీద 6 మి.మీ. టూల్‌తో, 800 ఫీడ్‌తో, 2 మి.మీ. ఒకే దెబ్బలో తీస్తే పన్నెండు సెకన్లు. నిమిషానికి తొలగే లోహం ఇక్కడ 95 ఘన మి.మీ., అక్కడ 9600. వంద రెట్లు! కొట్టేషన్‌లో సైకిల్ టైం (ఒక్కో ముక్కకి పట్టే సమయం) ఎందుకంత పట్టించుకుంటారో ఈ ఒక్క బ్రాకెట్‌తో బోధపడుతుంది. ముక్క చేశాక ఊరుకోకండి. డ్రాయింగ్‌లో ముందే ±0.1 టాలరెన్స్ రాసుకుని, వెర్నియర్‌తో పది చోట్ల కొలిచి, కాగితం మీద పట్టిక వెయ్యండి. ఇంటర్వ్యూలో ఆ ముక్కా, ఆ పట్టికా బల్ల మీద పెడితే సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వస్తాయి.

స్టీలు మాట మరిచిపోండి.

సాఫ్ట్‌వేర్‌లో ఫ్యూజన్ మంచి ఎంపిక, కాని ఏ లైసెన్సో చూసుకోవాలి. ఉచిత పర్సనల్ లైసెన్సులో 2020 అక్టోబర్ నుంచి ర్యాపిడ్ కదలికలు (కోత లేకుండా వేగంగా జరిగేవి) మామూలు ఫీడ్‌గా మారిపోతాయి, ఒకే ఫైల్‌లో టూల్ మార్పు ఉండదు, మార్చుకోగల డాక్యుమెంట్లు ఒకేసారి పదే. విద్యార్థులకి ఎడ్యుకేషన్ లైసెన్సు విడిగా ఉంది, అదీ ఉచితమే, కాలేజీ వివరాలతో ఏటా పొడిగించుకోవాలి. ఫ్రీక్యాడ్‌కి 2024 నవంబరులో 1.0 వచ్చింది, దాని క్యామ్ విభాగం ఈ మెషిన్ పనికి సరిపోతుంది. దేంట్లో చేసినా పోస్ట్ ప్రాసెసర్ (ప్రోగ్రామ్‌ని మెషిన్ భాషలోకి మార్చేది) జీఆర్‌బీఎల్‌దే ఎంచుకోవాలి. ఫ్యాక్టరీ మెషిన్లలో ఉండే ఫానుక్ కంట్రోలర్‌ది ఎంచుకుంటే ఎర్రర్ 20 వస్తుంది, ఆ కోడ్ నాకు తెలియదని అర్థం. ఎర్రర్ 9 అంటే మెషిన్ అలారంలో తాళం పడి ఉంది, ఎందుకు పడిందో చూసి తర్వాతే తీయాలి. ఎర్రర్ 22 అంటే ప్రోగ్రామ్‌లో ఫీడ్ రాయలేదు.

జాబ్ మధ్యలో యూఎస్‌బీ తెగిపోవడం దీని పాత జబ్బు. బ్రష్ మోటారు పుట్టించే విద్యుత్ రొద కేబుల్‌లోకి దూరుతుంది. మోటారు వైర్లని, యూఎస్‌బీ కేబుల్‌ని ఒకే కట్టగా కట్టకూడదు. కేబుల్ పొట్టిగా, ఫెరైట్ ముద్ద ఉన్నదై ఉండాలి. మోటారు రెండు టెర్మినల్స్ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం పెట్టాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకి దొరుకుతుంది. మెమరీ కార్డుతో నడిపే ఆఫ్‌లైన్ కంట్రోలర్ ఉంటే ఇంకా మంచిది. కరెంటు పోతే మాత్రం జీఆర్‌బీఎల్‌కి తానెక్కడున్నదీ గుర్తుండదు. లిమిట్ స్విచ్‌లు ఉన్న మోడల్ అయితే హోమింగ్ చేసి (స్విచ్‌ల దాకా వెళ్లి మొదటి స్థానం వెతుక్కుని), జీ54లో దాచిన జాబ్ సున్నాతో మళ్లీ అదే చోటికి వెళ్లొచ్చు. లేకపోతే ఆ ముక్క తుక్కులోకే. అందుకే కొనేటప్పుడు లిమిట్ స్విచ్‌లకి, ఎమర్జెన్సీ బటన్‌కి వెయ్యి రెండు వేలు ఎక్కువైనా పెట్టాలి.

ఇక ఇది నేర్పనివి. ఉద్యోగానికి వెళ్తే మొదట అడిగేవి ఇవే. టూల్ పొడవు ఆఫ్‌సెట్ జీ43 హెచ్, వ్యాసం సరిదిద్దే జీ41, జీ42 డి, ఎం6 టూల్ మార్పు, జీ81 డ్రిల్లింగ్, జీ83 పెక్ డ్రిల్లింగ్: వీటిలో ఒక్కటీ జీఆర్‌బీఎల్‌లో నడవదు. షాపులో కొలత 0.02 పెద్దదొస్తే ఆపరేటర్ ప్రోగ్రామ్ ముట్టడు, డి ఆఫ్‌సెట్‌లో అంకె మారుస్తాడు. ఆ అలవాటు దీని మీద రాదు. టర్నింగ్ (లేత్ పని) అసలే లేదు: జీ71 రఫింగ్ సైకిల్, నోస్ రేడియస్, మెత్తటి దవడల బోరింగ్, అవన్నీ వేరే చోట చూడాలి. కూలెంట్ ప్రవాహం, జాబ్ వేడెక్కితే పెరిగే కొలత, ఇన్సర్ట్ గ్రేడులు కూడా ఈ బల్ల మీద కనిపించవు. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ పెట్టుకుని ఫానుక్ కోడ్ చేత్తో రాసి సాధన చెయ్యడం కొంత నయం.

అసలు మెషిన్ కోసం హైదరాబాద్‌లో బాలానగర్ సీఐటీడీ ఉంది, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో 1968లో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ. పొట్టి కోర్సులూ నడుపుతుంది. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో ప్రోటోటైపింగ్‌కి (మొదటి నమూనాలు చెయ్యడానికి) పెద్ద మెషిన్లున్నాయి. 3018 మీద రెండు నెలలు చేతులు మసి చేసుకుని వెళ్లినవాడు అక్కడ అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. థియరీకి ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. అందులో మెటల్ కటింగ్ పాఠాలు ముందు చూడాలి, అవి ఈ మెషిన్‌తో సరిగ్గా జతపడతాయి.

మెషిన్ ధరతో ఖర్చు ఆగదు. సింగిల్ ఫ్లూట్ 3.175 టూళ్లు పది, పెట్టెలో వచ్చే వీ బిట్లు త్వరగా మొండికేస్తాయి కాబట్టి మంచివి రెండు, వెర్నియర్, డయల్, ఎండీఎఫ్ పలక, కళ్లద్దాలు, మాస్కు: మూడు నాలుగు వేలు పక్కన పెట్టుకోవాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొలత సాధనాలు చేత్తో పట్టి చూసి కొనొచ్చు, ఆన్‌లైన్‌లో కొనడం కన్నా అది మేలు. తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు, వదులు చొక్కా చేతులు, చున్నీ, విప్పిన జుట్టు దూరంగా ఉండాలి. కార్బైడ్ ముక్క విరిగి ఎగిరితే ముందు వెళ్లేది కంటివైపే. లేజర్ కలిపి అమ్మే ప్యాకేజీలు ఇంట్లో వద్దు. తెరిచి ఉన్న ఫ్రేములో లేజర్ పక్కవాళ్ల కళ్లకీ ప్రమాదమే, పీవీసీ మీద తెలియక కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ విషపు పొగ వస్తుంది.

పెట్టె వచ్చిన రోజే, బిగించక ముందే షాఫ్టుల్నీ లీడ్ స్క్రూల్నీ ఒక్కొక్కటిగా అద్దం మీదో, నాపరాయి మీదో దొర్లించి చూడండి. దొర్లేటప్పుడు కింద వెలుతురు సందు కొట్టుకుంటూ కనిపిస్తే అది వంగింది. మోటారు షాఫ్టుకి చక్ తగిలించి 3.175 టూల్ పెట్టి, ఖాళీగా తిప్పి, టూల్ కొన నీడలా రెండుగా కనిపిస్తుందేమో గమనించండి. ఈ రెండూ వీడియో తీసి పెట్టుకోండి, ఒకసారి మరలు బిగించాక వాపసు తీసుకోమని వాదించడం కష్టం.